మనసు విప్పించడమే పాఠం కాదు: సామాజిక-భావోద్వేగ పాఠాలపై అపోహలు, వాస్తవాలు

హైస్కూల్ విద్యార్థుల కోసం ఇరవై నిమిషాల సామాజిక-భావోద్వేగ పాఠాలు (తమ భావాలను గుర్తించి అదుపు చేసుకోవడం, ఇతరులతో మెలగడం నేర్పేవి) తయారు చేసుకునే ఉపాధ్యాయులకు తోడ్పడటం నా పని. ఏ శిక్షణ తరగతిలోనైనా ఎవరో ఒకరు చివరిదాకా ఆగి, "మా పిల్లలు నోరు విప్పడం లేదండీ, లోపం నాలోనే ఉందేమో" అని దిగులుగా అడుగుతారు. లోపం వారిలో లేదు, వారికి ఎవరో నూరిపోసిన అపోహలో ఉంది.

అపోహ: పిల్లలు సొంత బాధలు క్లాసులో చెప్పుకుంటేనే పాఠం ఫలించినట్టు.

వాస్తవం: ఇది నైపుణ్యాలు నేర్పే పాఠం, కౌన్సెలింగ్ కాదు. తోటివారి కళ్లలో పలచనవుతామన్న భయం ఆ వయసులో చాలా ఎక్కువ. ఉద్యోగంలో చేరిన కొత్తలో, తొమ్మిదో తరగతిలో "మిమ్మల్ని బాధపెట్టిన సంఘటన చెప్పండి" అని నేనే పాఠం మొదలుపెట్టాను. ఒక అమ్మాయి ఇంట్లో గొడవ గురించి చెబుతుండగా వెనక బెంచీలో గుసగుస వినిపించింది. ఆ అమ్మాయి మాట సగంలో ఆపేసి, పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. ఆ ఏడాదంతా నా క్లాసులో మళ్లీ చెయ్యి ఎత్తలేదు. అలాంటి ప్రశ్న నేను అడగకుండా ఉండవలసింది.

ఇప్పుడు మొదటి రెండు నిమిషాలు ఎవరైనా జంకు లేకుండా జవాబివ్వగల ప్రశ్నకే కేటాయిస్తాను: ఈ రోజు మీ హుషారు ఐదింటికి ఎంతో వేళ్లతో చూపండి. తరువాత ఒకే ఒక నైపుణ్యాన్ని సూటిగా చెప్పి, పది నిమిషాలకు పైగా కల్పిత సందర్భంపై సాధన చేయిస్తాను. ఉదాహరణకు, ఒకరు గ్రూపులో పెట్టిన మెసేజ్‌ను అందరూ చూశారు, ఎవరూ బదులివ్వలేదు. దానికి కారణాలు ఏమై ఉండవచ్చో ఇద్దరిద్దరు కలిసి మూడు రాయాలి. చివరి మూడు నిమిషాల్లో ఎవరికి వారు రాసుకునే కాగితాన్ని నేను అడగను. "ఇప్పుడు చెప్పను" అనే హక్కు మొదటి రోజు నుంచే అందరికీ ఉంటుంది. ఎవరైనా ప్రమాదాన్ని సూచించే మాట అంటే, అక్కడే తరచి అడగకుండా వెంటనే విడిగా కలిసి, రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వకుండా, కౌన్సెలర్‌కు అప్పగించాలి.

అపోహ: ఈ పాఠాలు చదువు సమయాన్ని తినేస్తాయి.

వాస్తవం: 213 కార్యక్రమాలను, 2.7 లక్షల మంది విద్యార్థులను పరిశీలించి 2011లో ప్రచురించిన విశ్లేషణలో, చదువును కూడా కొలిచిన అధ్యయనాల్లో సగటున 11 పర్సంటైల్ పాయింట్ల మెరుగుదల (వంద మందిలో సగటు విద్యార్థి స్థానం 11 మెట్లు పైకి వెళ్లినట్టు) కనిపించింది. వరుసక్రమం, చేసి నేర్చుకోవడం, కేటాయించిన సమయం, స్పష్టమైన లక్ష్యం ఉన్న కార్యక్రమాలే మెరుగైన ఫలితాలిచ్చాయి.

అపోహ: ఏడాదికొక ప్రసంగం చాలు. చాలదు, సైకిల్ గురించి ఎంత విన్నా తొక్కడం రాదు.

అపోహ: క్లాసు నిశ్శబ్దంగా ఉంటే పాఠం విఫలమైనట్టే. కాదు, ప్రశ్న ఇచ్చి ఒక నిమిషం రాయనివ్వండి, తరువాత పక్కవారితో మాట్లాడనివ్వండి. మొదటి కొన్ని వారాలు అంతకు మించి అడగకండి.