చుట్టాలొచ్చిన వేళ మంచం కింద పిల్లి

గేటు గొళ్ళెం చప్పుడైతే చాలు, మా మబ్బు మాయమవుతుంది. బూడిద రంగు ఒళ్ళు, గొంతు కింద చిన్న తెల్ల మచ్చ, నాలుగేళ్ళ వయసు. అప్పటిదాకా కిటికీ గట్టు మీద ఎండ కాగుతూ పడుకున్నదల్లా, వచ్చినవాళ్ళు చెప్పులు విప్పేలోపు మంచం కింద పెట్టెల వెనక్కి చేరిపోతుంది. దాని మూడు పిల్లల సంగతి పూర్తిగా వేరు. అవి గడప దగ్గరికే ఉరికి, విడిచిన చెప్పుల్లోకి దూరి, పట్టీలతో కుస్తీ పట్టేవి. కిందటి సంక్రాంతికి మా పిన్ని వచ్చినప్పుడు వాటికి ఆరు వారాలు. ఆ కూనలను చూసి పిన్ని మురిసిపోయింది. మబ్బు తోక మాత్రం తలుపు చాటుకు జారిపోతూ కనిపించేసరికి, "నేనేం చేశానే, నన్ను చూసి అలా పరుగెత్తింది?" అని చిన్నబుచ్చుకుంది.

ఆమె ఏమీ చేయలేదు. ఆ పరుగుకు కారణం ఆమె రాకకు చాలా ముందే, మబ్బు పసితనంలో పడింది.

పిల్లి కూనలు కళ్ళు మూసుకునే పుడతాయి. వారం పది రోజులకు కళ్ళు విచ్చుకుంటాయి, మూడో వారంలో తడబడుతూ నడుస్తాయి, నాలుగో వారానికి ఒకదాని మీద ఒకటి దూకడం మొదలుపెడతాయి. సరిగ్గా ఈ రోజుల్లోనే వాటి మెదడు ఒక ముఖ్యమైన విషయం తేల్చుకుంటుంది: ఈ లోకంలో ఎవరు మనవాళ్ళు, ఎవరికి భయపడాలి? అమెరికాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో ఐలీన్ కార్ష్ 1980లలో చేసిన పరిశోధనలు ఈ దశను రెండో వారానికీ ఏడో వారానికీ మధ్య గుర్తించాయి. మూడో వారం నుంచే రోజూ మనుషుల చేతుల్లో మెలిగిన కూనలు పెద్దయ్యాక మనిషి దగ్గరికి త్వరగా వచ్చాయి, ఒళ్ళో ఎక్కువసేపు కూర్చున్నాయి. ఏడో వారం తర్వాత మొదలుపెట్టిన వాటిలో ఆ చనువు అంతగా రాలేదు.

ఇంటికి వచ్చే చుట్టాల విషయంలో నాకు ఇంకా విలువైనదిగా తోచేది 1967లో రాబర్టా కొలార్డ్ ప్రచురించిన అధ్యయనం. ఆమె కొన్ని కూనలను ఒకే మనిషి చేతిలో, మరికొన్నింటిని ఐదుగురి చేతుల్లో పెరగనిచ్చారు. తర్వాత కొత్త మనిషి ఎదురైతే ఐదుగురి చేతుల్లో పెరిగినవే తక్కువ బెదిరాయి. ఒక్కరే ముద్దు చేసి పెంచినంత మాత్రాన కొత్తవాళ్ళంటే భయం పోదన్నమాట. గాజుల చేతులు, గరుకు చేతులు, చిన్నపిల్లల చేతులు, తాతగారి గంభీరమైన గొంతు, ఇవన్నీ ఆ కొద్ది వారాల్లోనే పరిచయం కావాలి. కుక్కర్ ఈల, మిక్సీ మోత కూడా అంతే. అందుకే పిన్ని రాక ఆ మూడు కూనలకూ గొప్ప మేలు అని నేను గట్టిగా నమ్ముతాను.

మబ్బుకు ఆ అదృష్టం దక్కలేదు. ఒక అపార్ట్‌మెంటు జనరేటర్ గది వెనక, దాదాపు నాలుగు నెలల పిల్లగా మాకు దొరికింది. అప్పటికే ఆ తొలి వారాలు దాటిపోయాయి. పైగా భయమో ధైర్యమో కొంత పుట్టుకతోనూ వస్తుంది. 1995లో సాండ్రా మెక్యూన్ ప్రచురించిన పరిశోధనలో, మనుషులతో స్నేహంగా ఉండే గండుపిల్లికి పుట్టిన కూనలు కొత్త మనుషుల దగ్గరికే కాదు, ఎన్నడూ చూడని వస్తువు దగ్గరికి కూడా చొరవగా వెళ్ళాయి. గండుపిల్లి తన పిల్లల పెంపకంలో పాలుపంచుకోదు కాబట్టి ఆ చొరవ నెత్తురులోనే వచ్చిందని అర్థం. మబ్బు కూనల తండ్రి ఏ గోడ మీద తిరిగే గండుపిల్లో మాకు తెలియదు గానీ, వాటి తెగువ చూస్తే దానికి మనసులోనే దండం పెట్టుకుంటాను.

తల్లి పిరికిదైతే ఇంకో చిక్కు ఉంది. పిల్లి తన పిల్లలను ఏడిళ్ళు తిప్పుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు. చోటు క్షేమం కాదనిపిస్తే మెడ దగ్గరి చర్మం నోట కరిచి ఒక్కొక్కదాన్నే మరోచోటికి చేరుస్తుంది. కాబట్టి ఈనిన మొదటి రెండు వారాలు చుట్టాలను ఆ గదిలోకి పంపకపోవడమే మంచిది. ఆ తర్వాత కూడా తల్లి మేతకు వెళ్ళినప్పుడు ఒకరిద్దరు వచ్చి, కాసేపు కూనలను పట్టుకుని వెళ్ళిపోతే చాలు.

హుషారైన కూనలకు చుట్టాలను అలవాటు చేయనక్కర్లేదు, చుట్టాలకే కూనల సంగతి చెప్పాలి. అందరూ చేసే పని, వేళ్ళు ఆడించి కరిపించుకోవడం. ఆరు వారాల పిల్ల కరిస్తే చక్కిలిగింతలా ఉంటుంది. కానీ చెయ్యి అంటే వేటాడవలసిన వస్తువని దానికి అప్పుడే పాఠం చెప్పినట్టవుతుంది, ఏడాదికి అదే పాఠం నెత్తురు కళ్ళజూపిస్తుంది. పుల్లకు దారంతో గుడ్డముక్క కట్టి ఆడించమని పిన్ని మనవడికి ఇచ్చాను. ఆట అయిపోగానే దాన్ని పైన పెట్టేయాలి, ఎందుకంటే పిల్లి మింగిన దారం పేగుల్లో చిక్కుకుంటే ప్రాణాంతకం. గీరినా కరిచినా, కొంచెమేగా అని ఊరుకోకుండా సబ్బుతో, ధారగా పడే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి డాక్టరుకు చూపించాలి. రేబీస్ విషయంలో మొహమాటం పనికిరాదు. ముద్దుకొద్దీ గిన్నెడు ఆవుపాలు పోయడమూ వద్దు, అది చాలా కూనలకు విరేచనాలు తెస్తుంది.

ఇక ఆ చెప్పుల కుస్తీ. మొదట్లో నేనూ చూసి ముచ్చటపడ్డాను. పిల్లులకు వచ్చే పాన్‌ల్యూకోపీనియా అనే జబ్బు టీకా పడని కూనలను రోజుల్లో చంపేస్తుంది. దాని వైరస్ నేల మీద నెలల తరబడి బతికి, చెప్పులకూ చేతులకూ అంటుకుని ఇంట్లోకి వస్తుంది. పశువైద్యురాలు ఈ మాట చెప్పిన రోజే చెప్పుల అలమరాకు తలుపు పెట్టించాను. చుట్టాలు చేతులు కడుక్కున్నాకే కూనలను ఎత్తుకుంటున్నారు.

మబ్బు దగ్గరికి వద్దాం. పిల్లి వేటాడే జంతువే, కానీ తనకంటే పెద్ద జంతువులకు ఆహారమయ్యేంత చిన్నది. దాని పూర్వీకురాలైన ఆఫ్రికా అడవిపిల్లి ఒంటరిగా బతుకుతుంది. అండగా మంద ఉండదు, దాక్కోవడమే దానికి రక్ష. పైగా మనకు 20,000 హెర్ట్జ్ దగ్గర ఆగిపోయే వినికిడి పిల్లికి 85,000 దాకా సాగుతుంది. మనకు పండగ సందడిగా అనిపించేది ఆ చెవుల్లో ఎలా మోగుతుందో ఊహించండి. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఆశ్రయ కేంద్రానికి కొత్తగా వచ్చిన 19 పిల్లుల్లో కొన్నింటికి దాక్కోవడానికి ఒక పెట్టె ఇచ్చారు. పెట్టె ఉన్నవి మొదటి కొద్ది రోజుల్లోనే కుదుటపడ్డాయి, లేనివాటికి ఎక్కువ సమయం పట్టింది. దాక్కోనిస్తే పిల్లి త్వరగా తేరుకుంటుందని దీన్నిబట్టి తెలుస్తుంది.

మనం చేసేది దీనికి సరిగ్గా విరుద్ధం. చుట్టాలకు చూపించాలన్న ఉబలాటంతో మంచం కింద చెయ్యి పెట్టి బయటికి లాగుతాం. మొదటి ఏడాది నేనూ ఒకసారి లాగాను. దాని కంటిపాపలు కన్నంతా నల్లగా పరుచుకున్నాయి, చెవులు తలకు అతుక్కుపోయాయి, గుండె నా అరచేతిలో దడదడలాడింది. కొత్త మనిషి వాసన, తప్పించుకోలేని భయం, ఈ రెండూ ఆ క్షణంలో దాని మనసులో ముడిపడిపోయాయి. ఆ ముడి విప్పడానికి నాకు నెలలు పట్టింది. ఆ పని మళ్ళీ చేయలేదు, ఎవరినీ చేయనివ్వను.

పిన్ని వచ్చిన ఆ సంక్రాంతికి ముందుగానే పడకగది మూలలో, పక్కకు పడుకోబెట్టిన అట్టపెట్టెలో నా పాత చీర పరిచాను. నీళ్ళు, దొడ్డికి వెళ్ళడానికి మట్టి తొట్టి ఆ గదిలోనే పెట్టాను. పిన్నికి చెప్పింది ఒక్కటే: నువ్వు దాన్ని పిలవకు, నిన్ను అదే పలకరించాలి. 2021లో లండన్‌లోని బాటర్‌సీ ఆశ్రయ కేంద్రంలో 100 పిల్లులతో జరిగిన పరిశోధన చెప్పేదీ ఇదే. నిర్ణయం పిల్లికి వదలమని, దాని ఒంటి తీరు గమనించమని, చెవుల మొదట్లో, బుగ్గల మీద, గడ్డం కింద మాత్రమే నిమరమని మనుషులకు ఐదు నిమిషాల్లోపే నేర్పారు. ఆ కాస్త శిక్షణకే పిల్లులు మరింత స్నేహంగా మెలిగాయి, కరవడం, గీరడం తగ్గాయి.

కళ్ళ సంగతి కూడా పిన్నికి చెప్పాను. రెప్ప వేయని చూపు పిల్లికి బెదిరింపు. రెప్పలు సగం వాల్చి, నెమ్మదిగా మూసి తెరిస్తే మాత్రం అభయం. 2020లో సస్సెక్స్, పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు దీన్ని పరీక్షించారు. ముక్కూమొహం తెలియని మనిషి అయినా, అలా మెల్లగా కన్ను మూసి తెరిచి చెయ్యి చాపితే, ఊరికే చూసి చాపినప్పటి కంటే పిల్లులు ఎక్కువగా దగ్గరికి వచ్చాయి. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లిని దొంగగా చూడటం మనకు అలవాటు. మూసుకున్న ఆ కళ్ళలో ఎంత నమ్మకం ఉందో నాకు ఇది చదివాకే తెలిసింది.

మొదటి రోజు మబ్బు బయటికి రాలేదు. రెండో రోజు రాత్రి అందరూ పడుకున్నాక వచ్చి పిన్ని సంచిని చాలాసేపు వాసన చూసి, దాని అంచుకు బుగ్గ రాసింది. పిల్లుల బుగ్గల్లో వాసన గ్రంథులు ఉంటాయి. ఆ సంచి ఇకపై కొత్తది కాదని అది తన గుర్తు వేసుకుంటోంది.

కనుమ నాడు మధ్యాహ్నం పిన్ని వంటింటి గడప దగ్గర నేల మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. మబ్బు గోడ వారగా వచ్చి, రెండడుగుల దూరంలో ఆగి, మెడ చాచింది. పిన్ని తల ఎత్తలేదు, చేతిలో పని ఆపలేదు. రెప్పలు మాత్రం నెమ్మదిగా ఒకసారి మూసి తెరిచింది. మబ్బు ఆమె చీర కుచ్చిళ్ళ మీదుగా ఒళ్ళు రాసుకుంటూ పోయి, పళ్ళెంలో చిక్కుడుకాయలు వాసన చూసి, అక్కడే కూర్చుంది.