మూఢం వీడాక డాబా ఎక్కండి

మూఢం వచ్చిందంటే హైదరాబాదులో ఫంక్షన్ హాళ్లు బోసిపోతాయి. శుక్ర మూఢమనో గురు మూఢమనో పంచాంగం చూసి పెళ్లిళ్లు వాయిదా వేసుకుంటాం. ఆకాశంలో ఆ మాటకు అర్థం చాలా సూటిగా ఉంటుంది. ఆ గ్రహం సూర్యుడికి మరీ దగ్గరగా జరిగి, ఆ వెలుగులో పడి కంటికి ఆనడం లేదన్నమాట. శుక్రుడు మనకూ సూర్యుడికీ మధ్య నుంచి దాటితే వారం పది రోజుల్లో బయటపడతాడు. సూర్యుడికి ఆవలి వైపు నుంచి వస్తుంటే రెండు నెలలు దాటినా జాడ ఉండదు. మూఢం వీడిందంటే గ్రహం మళ్లీ కనిపిస్తోందని. గ్రహాలను గుర్తుపట్టడం ఆ రోజు నుంచే మొదలుపెట్టమంటాను.

మన వాడుక మాటల్లో ఇలాంటి ఆకాశ జ్ఞానం చాలా ఉంది. వేగుచుక్క చుక్క కాదు, శుక్రుడు. సూర్యుడికి 47 డిగ్రీలకు మించి ఎడంగా పోలేడు కనుక తెల్లవారుజామున తూర్పునో, పొద్దుగూకాక పడమటనో కనిపిస్తాడు. నడిరాత్రి నడినెత్తిన మెరిసేది ఏదైనా సరే, శుక్రుడు మాత్రం కాదు. ఏలినాటి శని ఏడున్నరేళ్లు ఎందుకు? శని సూర్యుణ్ని ఒకసారి చుట్టి రావడానికి దాదాపు 29న్నర ఏళ్లు పడుతుంది. అంటే రాశికి సుమారు రెండున్నరేళ్లు, జన్మరాశీ దానికి అటూ ఇటూ ఉన్నవీ కలిపి మూడు రాశులకు ఏడున్నర. జాతకాల మాట ఎలా ఉన్నా, ఈ లెక్క తరతరాలుగా ఎవరో ఆకాశం చూసి రాసిపెట్టినదే.

పుష్కరం మాట చూడండి. గురుగ్రహం సూర్యుడి చుట్టూ తిరిగి రావడానికి 11.86 ఏళ్లు. మనం పన్నెండుగా లెక్కించి పుష్కర కాలం అంటాం. గురుడు సింహరాశిలోకి వస్తే గోదావరికి, కన్యలోకి వస్తే కృష్ణకు పుష్కరాలు. 2027లో గోదావరి పుష్కరాలకు వెళ్లేవారు స్నానంతో సరిపెట్టుకోకుండా, పొద్దుగూకాక పడమటి వైపు కూడా చూడాలి. మబ్బు లేకపోతే మఖ నక్షత్రం దగ్గరలో గురుడే ఉంటాడు.

నగరం వెలుగులో నక్షత్రాలే కనబడవు, ఇక గ్రహాలెక్కడ అంటారు చాలామంది. ప్రకాశవంతమైన గ్రహాలకు ఆ బెడద లేదు. ట్యూబ్‌లైట్లు వెలిగే వీధిలోంచి కూడా శుక్రుడు, గురుడు కనిపిస్తారు. పగలు సూర్యుడు నడిచిన దారి చుట్టుపక్కలే గ్రహాలూ నడుస్తాయి. హైదరాబాదు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి ఆ దారి మనకు బాగా ఎత్తుగా సాగుతుంది. ఆ దారిలో మినుకుమినుకుమనకుండా నిలకడగా వెలిగేది గ్రహం. నక్షత్రం ఎంతో దూరాన ఒట్టి చుక్క, గాలి కదలికకు దాని వెలుగు వణుకుతుంది. గ్రహానిది చిన్న బిళ్ల, బిళ్లలోని ఒక చోటి వణుకును మరో చోటి వెలుగు సరిచేస్తుంది. అంగారకుడి విషయంలో రంగూ సాయపడుతుంది: పేరుకు తగ్గట్టే నిప్పుకణిక. జ్యేష్ఠా నక్షత్రమూ ఎర్రనిదే గానీ, అది మినుకుతుంది.

మా డాబా మీద నీళ్ల ట్యాంకు గోడకు మోచేతులు ఆనించి, 10×50 బైనాక్యులర్‌తో గురుడిని చూస్తాను. చేతులు వణికితే ఏమీ కనబడదు, ఆ గోడే నాకు స్టాండు. మధ్యలో తెల్లని చిన్న బిళ్ల, దానికి అటూ ఇటూ ఒకే గీత మీద చుక్కలు, అవే గురుడి చందమామలు. ఎనిమిదింటికి నోటు పుస్తకంలో ఆ గీతను వేసి, పదిన్నరకు మళ్లీ వేస్తాను. బిళ్లకు దగ్గరున్న చుక్క ఈ లోపే జరిగి ఉంటుంది. అది బహుశా అయో, గురుడి చుట్టూ దానికి సుమారు 42న్నర గంటలు చాలు. మిగతావి యూరోపా, గానిమీడ్, కలిస్టో. గానిమీడ్ బుధగ్రహం కన్నా పెద్దది. 1610 జనవరి 7న గెలీలియోకు మొదట మూడే కనిపించాయి, కొన్నాళ్లకు నాలుగోదీ దొరికింది. అవి భూమిని కాక మరొకదాన్ని చుట్టే వస్తువులని ఆయన గ్రహించడానికి సాయపడింది ఇలాంటి గీతలే. శని వలయాలకు మాత్రం బైనాక్యులర్ చాలదు, చిన్న టెలిస్కోపైనా కావాలి.

తోకచుక్క సంగతి వేరు. సర్రున జారిపోయేది ఉల్క. తోకచుక్క చూస్తుండగా కదిలినట్టు అనిపించదు, ఈ రాత్రికీ రేపటి రాత్రికీ మధ్య చోటు మారుతుంది. ఈ నగరంలో నిజామియా వేధశాలలో పనిచేసిన ఒకరి కొడుకు, నిజాం కాలేజీలో చదివిన ఖగోళ శాస్త్రవేత్త వైణు బప్పు, 1949లో హార్వర్డులో ఉండగా మరో ఇద్దరితో కలిసి ఒక తోకచుక్కను కనిపెట్టారు. దానికి ముగ్గురి పేర్లూ కలిపి బప్పు-బాక్-న్యూకర్క్ అని పెట్టారు.

2024 అక్టోబరు మూడో వారంలో సుచిన్‌షాన్-అట్లాస్ తోకచుక్క కోసం వికారాబాద్ అనంతగిరి కొండల దాకా వెళ్లాను. నగరంలో మసక తోకను వీధిదీపాలు మింగేస్తాయి. సూర్యుడు దిగిన ముప్పావు గంటకు పడమట ముందు శుక్రుడు దొరికాడు. అతనికి కుడివైపు కాస్త పైకి వెతికితే, బైనాక్యులర్‌లో తల ఒక పత్తిగింజలా, తోక ఏకిన దూదిలా కనిపించాయి. కళ్లు చీకటికి అలవాటుపడ్డాక బైనాక్యులర్ దించి చూసినా లీలగా ఉంది. తోక పైకి చాచి ఉంది, సూర్యుడు మునిగిన వైపుకు వ్యతిరేక దిశలో.