గాల్ బ్లాడర్ రాళ్ళకి కొండపిండాకు పనిచేయదండి (అపోహలు - వాస్తవాలు)

నేను ల్యాప్రోస్కోపిక్ సర్జన్ని, చేసే ఆపరేషన్లలో సగం గాల్ బ్లాడర్‌వే. ఓపీలో రోజూ వినే మాటలు కొన్ని ఉన్నాయి, అందరికీ పనికొస్తాయని ఒకచోట రాస్తున్నా.

అపోహ: రాయి అంటే రాయే, కిడ్నీలో ఉన్నా గాల్ బ్లాడర్‌లో ఉన్నా ఒకటే.

అస్సలు కాదు. రిపోర్ట్‌లో స్టోన్ అనే మాట కనపడగానే టమాటా, పాలకూర మానేస్తారు, కిడ్నీ రాళ్ళకని చెప్పుకునే కొండపిండాకు కషాయం, బార్లీ నీళ్ళు మొదలుపెడతారు, అలా ఆర్నెల్లు గడిచిపోతాయి. మీరు తాగిన నీళ్ళు పోయేది కిడ్నీల దారిలో, గాల్ బ్లాడర్ ఉండేది లివర్ కింద, అందులో ఉండేది పిత్తం. చేపలు బాగుచేసేటప్పుడు ఆకుపచ్చటి చేదు సంచి చిట్లితే కూరంతా చేదైపోద్ది చూడండి, మనకీ అలాంటి సంచే ఉంటుంది.

ఆ పిత్తంలో ముఖ్యమైనవి బైల్ యాసిడ్స్. లివర్ వీటిని కొలెస్ట్రాల్ నుంచే తయారు చేస్తుంది. పేరుకి యాసిడ్స్ గానీ చేసేది గిన్నెలు తోమే సబ్బు పని, మనం తిన్న నూనె, నెయ్యిని సన్నటి బొట్లుగా విడగొట్టి అరిగేలా చేస్తాయి, పిత్తంలో ఉన్న కొలెస్ట్రాల్‌ని కూడా గడ్డకట్టకుండా కరిగించి ఉంచుతాయి. కొలెస్ట్రాల్ మరీ ఎక్కువై, సంచి సరిగ్గా ముడుచుకోక పిత్తం నిలవుండిపోతే, చక్కెర పాకంలో దారం చుట్టూ పటికబెల్లం పలుకులు కట్టినట్టు రాళ్ళు కడతాయి. గర్భంతో ఉన్నప్పుడు, క్రాష్ డైట్లతో గబగబా బరువు తగ్గినప్పుడు రాళ్ళు రావడానికి కారణం ఇదే. అన్నీ కొలెస్ట్రాల్ రాళ్ళే కావు, మన ఏజెన్సీ ఏరియాల్లో సికిల్ సెల్ (పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు) ఉన్నవాళ్ళకి రక్తకణాలు విరిగిపోవడం వల్ల నల్ల రాళ్ళు వస్తాయి.

అపోహ: ఆలివ్ ఆయిల్, నిమ్మరసం కలిపి తాగితే రాళ్ళు విరేచనంలో పడిపోతాయి.

ఆకుపచ్చ ఉండల ఫోటోలు ఫోన్‌లో తీసుకొచ్చి చూపిస్తారు, చాలా నమ్మకంగా. 2005లో న్యూజిలాండ్ డాక్టర్లు అలాంటి ఉండల్నే ల్యాబ్‌లో పరీక్షించి లాన్సెట్ జర్నల్‌లో రాశారు, అందులో కొలెస్ట్రాల్ లేదు, కాల్షియం లేదు, 40 డిగ్రీల వేడికే కరిగి నూనె అయిపోయాయి. అంటే తాగిన నూనే కడుపులో సబ్బు ఉండలయింది. స్కాన్ మళ్ళీ తీస్తే రాళ్ళు ఉన్నచోటే ఉంటాయి.

అపోహ: ట్యాబ్లెట్లతో కరిగిపోతాయి.

ఇందులో కొంత నిజం ఉంది. ఆ ట్యాబ్లెట్లలో ఉండే అర్సోడీఆక్సీకోలిక్ యాసిడ్ కూడా ఒక బైల్ యాసిడే, చిన్న కొలెస్ట్రాల్ రాళ్ళు, కాల్షియం పట్టనివి, సంచి బాగా పనిచేస్తూ ఉంటే కరుగుతాయి. కానీ ఆర్నెల్ల నుంచి రెండేళ్ళు వాడాలి, కరిగాక కూడా ఐదేళ్ళలో దాదాపు సగం మందికి మళ్ళీ వస్తాయి.

అపోహ: రాళ్ళు తీస్తే చాలు కదా, సంచి ఎందుకు తీయడం?

ఆపరేషన్ అయ్యాక ట్రేలో పెట్టి చూపిస్తుంటే పేషెంట్‌తో వచ్చినవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఇదే. రాళ్ళు కట్టించేది ఆ సంచే, ఉంచితే మళ్ళీ కడతాయి. పిత్తం తయారయ్యేది లివర్‌లో, రోజుకి అర లీటర్ నుంచి లీటర్ దాకా, సంచిలో పట్టేది 30 నుంచి 50 మిల్లీలీటర్లే. సంచి తీశాక పిత్తం నేరుగా పేగులోకి జారుతూ ఉంటుంది, బైల్ యాసిడ్స్‌లో 95 శాతం చిన్న పేగు చివర మళ్ళీ లోపలికి పీల్చుకోబడి లివర్‌కి చేరతాయి. కొందరికి మిగిలినవి పెద్ద పేగుని చిరాకు పెట్టి లూజ్ మోషన్స్ అవుతాయి, చాలామందికి తగ్గిపోతుంది, తగ్గకపోతే సిగ్గుపడకుండా చెప్పండి, దానికి కొలెస్టిరమిన్ అనే పొడి ఉంది. జీవితాంతం నెయ్యి మానక్కర్లేదు.

అపోహ: రాయి కనపడితే ఆపరేషన్ తప్పదు.

నొప్పి లేకపోతే చాలామందికి అక్కర్లేదు. అలాంటివాళ్ళలో ఏడాదికి నూటికి ఒకరి నుంచి నలుగురికి మాత్రమే ఇబ్బంది మొదలవుతుంది. మూడు సెంటీమీటర్లు దాటిన రాయి, సికిల్ సెల్ లాంటివి ఉంటే మాత్రం సర్జన్‌తో మాట్లాడాలి.

అపోహ: అది గ్యాస్ నొప్పే.

బిర్యానీ తిన్న రాత్రి కుడి డొక్క పైన పట్టేసి, కుడి భుజానికో వీపుకో పాకి, అరగంట దాటినా వదలకపోతే గ్యాస్ అనుకుని ఊరుకోవద్దు, ఒక్క అల్ట్రాసౌండ్ చేయించండి. చలిజ్వరం, పచ్చకామెర్లు, తెల్లటి విరేచనం ఉంటే అదే రోజు హాస్పిటల్‌కి రావాలి.

మొన్నామధ్య ఒకావిడ కామెర్లని ఊళ్ళో ముందు పసరు తాగి, తర్వాత చేతికి వాత పెట్టించుకుని రెండు వారాలకి వచ్చారు, అప్పటికే వణుకు జ్వరం. శనగ్గింజంత రాయి పిత్తనాళంలో ఇరుక్కుంది. ఈఆర్‌సీపీలో (నోట్లోంచి సన్నటి గొట్టం పంపి పిత్తనాళం దాకా వెళ్ళే పద్ధతి) రాయి తీశాం, జ్వరం తగ్గాక గాల్ బ్లాడర్ తీశాం. పొట్ట మీద నాలుగు గాట్లూ పది రోజుల్లో మానాయి, చేతి మీద వాత పుండుకి మాత్రం నెల దాటినా డ్రెస్సింగ్ చేయించుకుంటూనే ఉన్నారు.