ఊపిరిని నిలబెట్టే ఒంటిపొర

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు “సర్ఫాక్టెంట్ ఇవ్వాలి” అని డాక్టర్ చెబితే, ఇంట్లోవాళ్లు దాన్ని ఊపిరితిత్తుల ఇంజెక్షన్ అనుకుంటారు. నిజానికి అది సూదితో వేసేది కాదు. పాలలాంటి ఆ మందును సన్నటి గొట్టంతో నేరుగా శ్వాసనాళంలోకి వదులుతారు. చాలామంది బిడ్డల్లో నిమిషాల్లోనే ఆక్సిజన్ అవసరం తగ్గడం మొదలవుతుంది. ఆ మందు లోపలికి వెళ్లి చేసేది నీటి మీద ఒక పొర పరచడం, అంతే.

మన ఊపిరితిత్తుల్లో 30 కోట్లకు పైగా వాయుగోణులు, అంటే చిన్న గాలి సంచులు, ఉంటాయి. వాటి లోపలి గోడ ఎప్పుడూ తడిగానే ఉంటుంది. తడిసిన పాలిథిన్ కవర్ నోరు తెరవడానికి ఎంత తిప్పలు పడతామో గుర్తు తెచ్చుకోండి. నీటి ఉపరితలం తనలోకి తాను ముడుచుకోవాలని చూస్తుంది. ఆ లాగుడునే తలతన్యత అంటాం. శరీర వేడిలో నీటి తలతన్యత మీటరుకు 70 మిల్లీన్యూటన్లు. ఊపిరి వదిలిన ప్రతిసారీ ఆ చిన్న సంచులు అతుక్కుపోకుండా ఉన్నాయంటే, నీటి మీద పరుచుకున్న ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వు జాతి అణువుల పొర తలతన్యతను దాదాపు సున్నాకు దించుతోందన్నమాట. ఈ పొర కట్టే పదార్థమే సర్ఫాక్టెంట్. పొర మందం ఒక్క అణువే. అలాంటివి పది లక్షలు ఒకదానిపై ఒకటి పేర్చినా రెండు మూడు మిల్లీమీటర్లకు మించవు.

ఊపిరి వదిలినప్పుడు సంచి చిన్నదై పొరను నొక్కుతుంది. ఇంత పలచటి పొర అంత నొక్కుడు ఎలా తట్టుకుంటుంది? చలికాలం పొద్దున గిన్నెలో నెయ్యి పేరుకుని ఉంటుంది, పక్క సీసాలో నువ్వుల నూనె మాత్రం పారుతూనే ఉంటుంది. తేడా కొవ్వు అణువులకుండే పొడవాటి తోకల్లో ఉంది. తిన్నటి తోకలు ఒకదాని పక్కన ఒకటి కుదురుకుంటాయి. వంకర తోకలు కుదురుకోవు. ఊపిరితిత్తుల పొరలో ప్రధానమైన ఫాస్ఫోలిపిడ్ పేరు డీపీపీసీ. దానికి రెండు తోకలూ తిన్ననివే. అది మెత్తబడాలంటే 41 డిగ్రీలు కావాలి, మన ఒంటి వేడి 37. అందుకే నొక్కినకొద్దీ బిగుసుకుంటుంది. వంకర తోకల ఫాస్ఫోలిపిడ్‌ను నీటి మీద పరిచి నొక్కితే తలతన్యత 25 దగ్గరే ఆగిపోతుంది. ఇంకా నొక్కితే పొర మడతలు పడి నీళ్లలోకి జారిపోతుంది.

అమెరికా పరిశోధకులు మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ 1959లో ఒక సంగతి చూపించారు. శ్వాస అందక చనిపోయిన నెలలు నిండని బిడ్డల ఊపిరితిత్తుల్లో తలతన్యతను దించే పదార్థం కొరవడింది. అయితే డీపీపీసీ ఇచ్చేస్తే సరిపోతుంది కదా? 1960లలో మాంట్రియల్‌లో, సింగపూర్‌లో దాన్ని తుంపరగా చేసి బిడ్డలకు పీల్పించారు. ఆశించిన మేలు కనబడలేదు.

నాకు ఈ కథలో అన్నిటికన్నా విలువైన ఘట్టం ఈ వైఫల్యమే. పేరుకున్న నెయ్యి చల్లటి పెనం మీద పరుచుకోదు. డీపీపీసీ కూడా అంతే. పొర కట్టాక గట్టిగా నిలబడుతుంది గానీ, పొర కట్టడానికే పైకి రాదు. ఊపిరి తీసిన ప్రతిసారీ ఉపరితలం సాగుతుంది, ఆ ఖాళీని క్షణాల్లో నింపాలి. అందుకే ప్రకృతి దాన్ని ఒంటరిగా వదల్లేదు. కొన్ని వంకర తోకల లిపిడ్లు, కొద్దిగా కొలెస్టరాల్, ఎస్‌పీ-బీ, ఎస్‌పీ-సీ అనే రెండు చిన్న ప్రోటీన్లు తోడిచ్చింది. పుట్టుకతోనే ఎస్‌పీ-బీ లేని బిడ్డలు ఊపిరితిత్తుల మార్పిడి లేకుండా బతకడం చాలా అరుదు.

జపాన్ వైద్యుడు తెత్సురో ఫుజివారా 1980లో ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసిన సర్ఫాక్టెంట్‌ను పదిమంది బిడ్డలకు ఇచ్చి మేలు చూపించాడు. అందులో ఆ చిన్న ప్రోటీన్లు ఉన్నాయి. అమెరికాలో జాన్ క్లెమెంట్స్ ఇంకో దారి పట్టాడు. డీపీపీసీకి హెక్సాడెకనాల్ అనే ఆల్కహాల్‌నూ, టైలాక్సపాల్ అనే డిటర్జెంట్‌నూ కలిపాడు. ఎక్సోసర్ఫ్ పేరుతో 1990లో అక్కడ అనుమతి వచ్చింది. పొరను చెడగొట్టే జాతికి చెందిన డిటర్జెంటే, కొలతగా వేస్తే పొర పరుచుకోవడానికి సాయపడింది.

కొలత తప్పితే, లేదా వేరే అణువు చేరితే, కథ తిరగబడుతుంది. “బిడ్డ ఉమ్మనీరు మింగాడు” అని మన ఆసుపత్రుల్లో తరచూ వింటాం. ఉమ్మనీటిలో బిడ్డ తొలి మలం కలిసి, అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తేనే అసలు భయం. ఆ మలంలో పైత్య లవణాలు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు ఉంటాయి. ఇవి పొరలోకే దూరి దాని బిగువు పోగొడతాయి. కొవ్వు ఆమ్లాలన్నీ చెడ్డవని కాదు. వంకర తోక ఉన్న ఓలియిక్ ఆమ్లం పొరను వదులు చేస్తే, తిన్నటి తోక ఉన్న పామిటిక్ ఆమ్లాన్ని కొన్ని సర్ఫాక్టెంట్ మందుల్లో కావాలనే కలుపుతారు.

రక్తంలోని అల్బుమిన్ అనే ప్రోటీన్ తీరు వేరు. అది పొరలోకి దూరదు, ముందే వచ్చి చోటు ఆక్రమిస్తుంది. బస్సులో తువ్వాలు వేసి సీటు పట్టినట్టు నీటి ఉపరితలాన్ని పట్టేస్తుంది. తలతన్యతను 50 దాకా దించగలదేమో గానీ, సున్నా దగ్గరకు తేలేదు. దెబ్బతిన్న ఊపిరితిత్తిలో రక్తనాళాల నుంచి నీరు కారినప్పుడు జరిగేది ఇదే. ఫాస్ఫోలిపిడ్లు కింద నీటిలో ఉంటాయి, పైకి రావడానికి చోటుండదు. వాటి మోతాదు బాగా పెంచితే అల్బుమిన్‌ను నెట్టి పైకి రాగలవు. కొందరు బిడ్డలకు డాక్టర్లు రెండో డోసు అడగడానికి ఇదొక కారణం. అంటే మొదటి డోసు పనికిరానిదని కాదు.