నాణేనికి జ్ఞాపకం ఉండదు

"మొదటి బిడ్డకు సికిల్ సెల్ జబ్బు వచ్చింది. నలుగురిలో ఒకరికి అన్నారు కదా, ఇక మా వంతు అయిపోయినట్టేనా?" ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే, తల్లిదండ్రుల నుంచి వచ్చే ఈ జబ్బు గురించి ఈ ప్రశ్న చాలామందికి వస్తుంది. అయిపోలేదు. అయితే ఇందులో తప్పు అడిగినవాళ్లది కాదు. బోర్డు మీద నాలుగు గళ్లు గీసి, ఒక గడిలో జబ్బు అని రాసి పాఠం ముగించే పద్ధతిది. నాలుగు గళ్లు చూస్తే ఎవరికైనా నలుగురు పిల్లలే కనిపిస్తారు మరి.

గళ్లు చెరిపేద్దాం. తల్లీ తండ్రీ ఇద్దరూ క్యారియర్లు, అంటే ఒక మామూలు జన్యువు, ఒక సికిల్ జన్యువు ఉన్నవాళ్లు అనుకోండి. ఒక్కొక్కరి చేతిలో ఒక నాణెం: బొమ్మ మామూలు జన్యువు, బొరుసు సికిల్ జన్యువు. ఇద్దరూ ఎగరేస్తారు. రెండూ బొరుసు పడితేనే జబ్బు. ఒకటే పడితే బిడ్డ క్యారియర్, పైకి ఆరోగ్యంగానే ఉంటుంది. రెండో కాన్పుకు మళ్లీ మొదటినుంచి ఎగరేయాల్సిందే. పోయినసారి ఏం పడిందో నాణేనికి గుర్తుండదు.

లెక్క వేస్తే ఇంకా తమాషాగా ఉంటుంది. నలుగురేసి పిల్లలున్న ఇలాంటి జంటల్లో దాదాపు 32 శాతం మందికి ఒక్క బిడ్డకూ జబ్బు రాదు. 26 శాతం ఇళ్లలో ఇద్దరికో, అంతకు మించో వస్తుంది. సరిగ్గా ఒక్కరికే వచ్చే 'పుస్తకం కుటుంబం' 42 శాతమే, సగం కూడా కాదు! ఒకరిది రెండు వైపులా బొరుసే ఉన్న నాణెం అయినా (అంటే ఆ మనిషికే జబ్బు ఉన్నా), రెండోవారిది రెండు వైపులా బొమ్మే అయితే పిల్లలెవరికీ జబ్బు రాదు, అందరూ క్యారియర్లవుతారు. బొరుసు రెండు చేతుల నుంచీ పడాలి కాబట్టి తల్లినొక్కదాన్నే ఆడిపోసుకోవడానికి, శాపం అనడానికి ఈ లెక్కలో చోటే లేదు.

ఆ బొరుసు మీద ఉన్నది ఒక్క అక్షరం తేడా. రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌లో ఒక భాగాన్ని తయారుచేసే, 11వ క్రోమోజోమ్ మీది బీటా గ్లోబిన్ జన్యువులో జీఏజీ అనే మూడక్షరాల మాట కాస్తా జీటీజీ అవుతుంది. దాంతో తయారయ్యే ప్రొటీన్ గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లం పోయి వాలీన్ అనే మరొకటి వస్తుంది. ఆక్సిజన్ వదిలేశాక ఈ హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని, పోగులై, ఎర్ర రక్తకణాన్ని కొడవలిలా వంచేస్తాయి. 120 రోజులు బతకాల్సిన కణం 10-20 రోజుల్లో పోతుంది.

మరి ఎంతమందికి? మళ్లీ నాణేలే. జనాభాలో పదిమందికొకరు క్యారియరైతే, పెళ్లిళ్లు ఎలాపడితే అలా జరిగితే, జంటలో ఇద్దరూ క్యారియర్లయ్యే అవకాశం వందలో ఒకటి. అందులో నాలుగో వంతు, అంటే 400 కాన్పులకు ఒక బిడ్డ. క్యారియర్లు ఐదుగురికొకరైతే 100కు ఒకరు. క్యారియర్లు రెట్టింపైతే జబ్బు నాలుగింతలు! 2021లో ప్రపంచంలో సుమారు 5.15 లక్షల మంది పిల్లలు ఈ జబ్బుతో పుట్టారని అంచనా. వారిలో నాలుగింట మూడొంతుల మంది సహారాకు దిగువన ఉన్న ఆఫ్రికాలోనే. అక్కడ క్యారియర్లు అంత ఎక్కువ ఎందుకో 1954లో ఆంథొనీ ఆలిసన్ అనే శాస్త్రవేత్త చూపించాడు: ఒక్క బొరుసు ఉన్న పిల్లలకు మలేరియా ప్రాణం మీదికి తెచ్చేది తక్కువ.

పరీక్ష గురించి ఒక్క మాట. బ్లడ్ గ్రూపుకూ ఈ జబ్బుకూ సంబంధం లేదు. ఇంకో మెలిక ఏమిటంటే, ఒకరి నుంచి సికిల్, ఇంకొకరి నుంచి బీటా తలసీమియా (హిమోగ్లోబిన్‌కే సంబంధించిన మరో వంశపారంపర్య జబ్బు) జన్యువు వచ్చినా బిడ్డకు సికిల్ జబ్బే. సికిల్ హిమోగ్లోబిన్‌ను మాత్రమే పట్టే సాల్యుబిలిటీ పరీక్ష ఆ రెండోవారికి 'నెగటివ్' అనే చెబుతుంది. అందుకే పెళ్లికి ముందు చేయించుకునేవాళ్లు హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ గానీ ఎలక్ట్రోఫోరెసిస్ గానీ అడిగి చేయించుకోవాలి.