వూల్జీ టోపీ: మూడేళ్లు కనపడని నేరం

ఇంగ్లండ్‌లోని యార్క్ టంకశాలలో కొట్టిన పాత వెండి గ్రోట్ (నాలుగు పెన్నీల నాణెం) ఒకటి వేలానికి వచ్చిందంటే చాలు, పాత వాదన మళ్ళీ లేస్తుంది. రాజుగారి నాణెం మీద యార్క్ మతాధిపతి, కార్డినల్ (పోప్ తర్వాతి హోదా) థామస్ వూల్జీ తన పదవికి గుర్తైన టోపీ వేయించుకోవడం అహంకారమా, హక్కా? అమ్మేవాళ్లకు మాత్రం 'అహంకారం' అన్న మాటతోనే గిరాకీ.

సుత్తితో కొట్టిన నాణేల కథంతా చెప్పక్కర్లేదు. కాంటర్‌బరీ, యార్క్, డరమ్ మతాధిపతులకు టంకశాలలు తరతరాలుగా ఉన్నవే. ఈ గొడవకు పనికొచ్చేది 1529.

ఆ డిసెంబర్ 1న ప్రభువులు రాజు ఎనిమిదో హెన్రీ ముందు వూల్జీ మీద 44 ఆరోపణల పత్రం పెట్టారు. అందులో 40వది ఇదే: యార్క్ గ్రోట్ మీద రాజచిహ్నం కింద టోపీ ముద్రించాడు, ఇంతకుముందు రాజు కింద ఉన్న ఎవరూ ఇలా తెగించలేదు అని.

ఆరోపణలో పస లేకపోలేదు. మతాధిపతులు కొట్టుకునేవి పెన్నీ, అర పెన్నీ, మహా అయితే అర గ్రోట్. నాలుగు పెన్నీల గ్రోట్ రాజుగారిది. ఆ గీత వూల్జీ దాటాడు.

కానీ టోపీ కొత్తది కాదే! అంతకుముందే యార్క్ అర గ్రోట్ల మీద అదే టోపీ ఉంది. ఆయనకు ముందున్న బైన్‌బ్రిడ్జ్ కూడా రాజచిహ్నం పక్కన తన పేరులోని అక్షరాలు వేయించుకున్నవాడే. పైగా 1526లో నాణేల సంస్కరణ పని రాజు అప్పగించింది ఎవరికి? వూల్జీకే. గ్రోట్ బరువు తగ్గించిందీ అప్పుడే. టోపీ గ్రోట్లు ఆ తర్వాతివి. అంటే దాదాపు మూడేళ్లు సంతలో చేతులు మారాక గానీ అది నేరమని ప్రభువులకు తట్టలేదన్నమాట.

ఈలోగా ఏం జరిగింది? రాణి క్యాథరిన్‌తో హెన్రీ పెళ్లి రద్దు విచారణ 1529 జూలైలో తీర్పు లేకుండానే వాయిదా పడింది. దాన్ని నడిపించిన ఇద్దరిలో వూల్జీ ఒకడు. అక్టోబర్‌లో ఆయన ఛాన్సలర్ (రాజుగారి ముఖ్య మంత్రి) పదవి ఊడింది. టోపీ గుర్తొచ్చింది ఆ తర్వాతే.

ఆ ఆరోపణల పత్రం పార్లమెంటు దిగువ సభలో ముందుకు సాగలేదు. వూల్జీ దగ్గర పనిచేసిన థామస్ క్రామ్‌వెల్ అక్కడ ఆయన తరఫున మాట్లాడాడు. 1530 నవంబర్‌లో రాజద్రోహం కింద పట్టి లండన్‌కు తీసుకొస్తుంటే దారిలో లెస్టర్‌లో వూల్జీ చనిపోయాడు. నాణెం విషయంలో శిక్షంటూ ఏదీ పడలేదు.

తర్వాత యార్క్‌కు వచ్చిన ఎడ్వర్డ్ లీ కూడా అర గ్రోట్ల మీద తన అక్షరాలు వేయించుకున్నాడు. గ్రోట్ జోలికి మాత్రం పోలేదు.