హమ్ పోవాలని ఎర్త్ వైరు పీకొద్దు

ఇంజినీరింగ్ చదువుతున్న ఒక పాఠకుడు అడిగాడు: "గిటార్ స్వరాన్ని మార్చే పెడల్స్ అన్నీ బిగించే పెడల్‌బోర్డు సొంతంగా చేసుకుంటున్నానండీ. 230 వోల్టుల లైను దాంట్లోకే తెచ్చి సాకెట్ బిగిద్దామనుకుంటున్నా. గిటార్‌ని రెండు ఆంప్‌లకు (యాంప్లిఫయర్లకు) కలిపితే ఒకటే హమ్, గుయ్యిమనే మోత. ఒక ప్లగ్గులో ఎర్త్ వైరు పీకేస్తే పోతుందని బ్యాండులో వాళ్లంటున్నారు. పీకేయనా?"

పీకొద్దు. బళ్లో ఎర్త్ పిన్ను ఎందుకు పొడవుగా ఉంటుందో కంఠతా పట్టిస్తారు గానీ, ఆ కరెంటు ఎటు నుంచి ఎటు పోతుందో బొమ్మ గీసి చూపించేవాళ్లు తక్కువ. ఎలక్ట్రిక్ గిటార్ విషయంలో ఆ బొమ్మే ప్రాణం.

గిటార్ తీగలు బ్రిడ్జికి, అంటే వాటిని కింద పట్టి ఉంచే లోహపు ముక్కకి, తగిలి ఉంటాయి. బ్రిడ్జి నుంచి లోపల ఒక సన్నని వైరు కేబుల్ గుచ్చే జాక్‌కి వెళ్తుంది. అక్కడి నుంచి కేబుల్‌లోని షీల్డ్ (సిగ్నల్ వైరు చుట్టూ ఉండే లోహపు జల్లెడ), పెడల్స్ మెటల్ డబ్బాలు, ఆంప్ ఛాసీ (లోపలి లోహపు చట్రం), ప్లగ్గులో మూడో పిన్ను, చివరికి ఇంటి ఎర్త్ గుంత. అంటే తీగలు పట్టుకున్న చెయ్యి భూమిని పట్టుకున్నట్టే. కావాలనే ఇలా చేస్తారు. తీగల మీద చెయ్యి పెట్టగానే బజ్ తగ్గడం ప్రతి గిటారిస్టుకీ తెలుసు.

ఎర్త్ పీకేశాక ఒకరోజు ఆ ఒక్క ఆంప్‌తోనే వాయిస్తున్నారు, దాంట్లో ఇన్సులేషన్ దెబ్బతిని ఫేజ్ ఛాసీకి తగిలిందనుకోండి. ఫ్యూజ్ పోదు, ఎందుకంటే కరెంటు పోవడానికి దారి లేదు. 230 వోల్టులు తీగల మీదే కాచుకుని ఉంటాయి. పాడటానికి మైక్‌కి పెదవి ఆనించారు. మైక్ సౌండ్ మిక్సర్ ద్వారా ఎర్త్ అయి ఉంది. చెయ్యి, గుండె, పెదవి: దారి దొరికింది. ఒంటి నిరోధం 1000 ఓములు అనుకుంటే 230 మిల్లీ ఆంపియర్లు. 10 మిల్లీ ఆంపియర్లు దాటితే చాలు, కండరాలు బిగుసుకుపోయి పట్టు వదల్లేం. కొన్ని పదులకే గుండె లయ తప్పవచ్చు. రబ్బరు చెప్పులేసుకుంటే ఏం కాదన్న నమ్మకం మనవాళ్లలో గట్టిది. ఈ దారిలో పాదాలు లేనే లేవు!

దీనికి తలకిందులుగానూ జరుగుతుంది: కరెంటు మైక్‌లో, చెయ్యి ఎర్త్ అయిన తీగల మీద. స్టోన్ ద క్రోస్ అనే రాక్ బృందం గిటారిస్టు లెస్ హార్వే 1972 మే 3న వేల్స్‌లోని స్వాన్సీలో స్టేజీ మీదే చనిపోయాడు. ఎర్త్ సరిగా లేని మైక్‌ను ముట్టుకోవడమే కారణం. మీ ఎర్త్ బాగున్నా పక్క పరికరానిది బాగుండాలి. వినాయక చవితి పందిట్లో మిక్సర్‌కి జెనరేటర్, ఆంప్‌కి పక్కింటి లైను అంటే నాకు టెన్షన్ అందుకే.

మరి హమ్? రెండు ఆంప్‌లకీ ఎర్త్ ఉంది, గిటార్ కేబుల్ షీల్డ్‌లు వాటిని మళ్లీ కలిపాయి. వైర్లతో ఒక పెద్ద ఉచ్చు తయారైంది. చుట్టుపక్కల ట్రాన్స్‌ఫార్మర్ల అయస్కాంత క్షేత్రం సెకనుకు 50 సార్లు దాని గుండా ఊగుతుంది. ఉచ్చు వైశాల్యం 2 చదరపు మీటర్లు, క్షేత్రం 1 మైక్రోటెస్లా అయితే ఫారడే సూత్రం ప్రకారం 314 (అంటే 2π × 50) × 2 × 0.000001, అంటే దాదాపు 0.63 మిల్లీవోల్టులు. గిటార్ సిగ్నల్ 100 మిల్లీవోల్టులుంటే ఇదెంత అనిపిస్తుంది. కానీ ఆంప్‌లో స్వరాన్ని గరగరలాడించే డిస్టార్షన్ చానెల్ రెంటినీ వందల రెట్లు పెంచుతుంది. పెద్దదైన స్వరం హద్దు తగిలి తెగిపోతుంది, చిన్నదైన హమ్ మాత్రం పూర్తిగా ఎదుగుతుంది. నాకు భలే నచ్చే లెక్క ఇది, ఎందుకంటే మందు కూడా ఇందులోనే ఉంది: వైశాల్యం తగ్గించండి. రెండు ఆంప్‌లనూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి పెట్టి కేబుళ్లు పక్కపక్కనే నడపండి. ఇంకా మిగిలితే ఒక ఆంప్‌కి వెళ్లే సిగ్నల్ దారిలో ఆడియో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. ఉచ్చు సిగ్నల్ వైపు తెగుతుంది, కరెంటు ఎర్త్ అలాగే ఉంటుంది.

ఇక బోర్డు. పెడల్స్‌లో చాలావాటికి 9 వోల్టుల డీసీ చాలు. అన్నీ కలిపి 1 ఆంపియర్ తీసుకున్నా 9 వాట్లే. అడాప్టర్‌ను గోడ దగ్గరే వదిలి 9 వోల్టులే బోర్డు మీదికి తెస్తే సగం గొడవ వదిలిపోతుంది. నా సలహా అదే. 230 వోల్టులు తేవాల్సిందే అంటే మూత ఉన్న మెటల్ డబ్బాలో, ఎలక్ట్రీషియన్ చేత చేయించండి. పెయింట్ గీకిన చోట ఎర్త్ వైరు గట్టిగా బిగించాలి. దాన్ని మిగతా రెంటికన్నా కాస్త పొడవుగా ఉంచాలి, ఎవరి కాలికైనా తగిలి వైరు లాగినా అది ఆఖరున ఊడాలి. ఫ్యూజ్ ఫేజ్‌లోనే ఉండాలి. అది మంటలు రాకుండా కాపాడుతుంది, మనిషిని కాదు. 1 ఆంపియర్ ఫ్యూజ్‌కి 230 మిల్లీ ఆంపియర్లు ఒక లెక్కే కాదు.

మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్. ఫేజ్‌లో వెళ్లిందీ న్యూట్రల్‌లో తిరిగొచ్చిందీ సమానంగా లేకపోతే లైను కట్ చేస్తుంది. దాని టెస్ట్ బటన్ నొక్కితే ట్రిప్ అయింది కదా, ఎర్త్ బాగుందనుకోకండి. ఆ బటన్ ఎర్త్‌ని ముట్టుకోదు, ఎర్త్ లేని ఇంట్లోనూ ట్రిప్ అవుతుంది. ఎర్త్‌ని విడిగా కొలిపించాలి.